పది మైళ్ళ అవతలి గట్టు

డయాలిసిస్ యంత్రం చిన్నగా గొంతు సవరించుకొని మళ్ళీ తన చక్రం తిప్పుకోవడంలో పడింది, ఇంకొక గంట ఉంది, ఆర్డిస్ కళ్ళు మూసుకొనే ఉంది కాని నిద్రపోవడం లేదు, ఎడమ చేతి నుంచి బయలుదేరిన ఆమె నెత్తురు సన్నని గొట్టంలో ఒక వంపు తిరిగి, వెంట్రుకలంత దారులు వేలకొద్దీ ఉన్న జల్లెడలో వడిసి, మరొక వంపు తిరిగి మళ్ళీ ఆ చేతిలోకే వస్తోంది, వచ్చేటప్పుడు కాస్త చల్లబడి వస్తుంది, ఆ చలి మోచేతి దగ్గర మొదలై భుజం దాకా పాకుతుంది, ఒక నది తన ఊరికి తానే తిరిగి వచ్చినట్టు అనుకొంది, అనుకొని ఆ పోలికను వెంటనే కొట్టివేసింది, నదులు తిరిగి రావు, పోతూనే ఉంటాయి, పోతూ పోతూ కోస్తాయి. దుప్పటి మీద ఆమె మోకాళ్ళకు అడ్డంగా రోడ్ల పటాల పుస్తకం తెరిచి ఉంది, దాని బరువు తెలుస్తోంది, అరిజోనా పుట దగ్గర తెరిచి పెట్టి ఆమె పెనిమిటి మెర్విన్ కాఫీకి వెళ్ళాడు, వెళ్ళేముందు తన మొద్దు వేలితో దారంతా చూపించాడు, చూడు టీచరమ్మా, శుక్రవారం నీ సూదులు తీసీ తీయగానే మినియాపొలిస్, అక్కడ విమానం, రాత్రికి ఫీనిక్స్, శనివారం బండి అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్, దక్షిణపు గట్టు, రాత్రి అక్కడే పడక, ఆదివారం పొద్దున్నే అలా అవతలి గట్టుకి పోయి ఫలహారం అక్కడ, ఎంతా, పది మైళ్ళు, మీ చెల్లెలింటికి పోయినంత, మధ్యాహ్నం రాళ్ళైపోయిన చెట్ల పార్కు, సాయంత్రం విమానం, సోమవారం పొద్దున నీ కుర్చీ నీకే. కాఫీ తాగి వచ్చి అవతలి గట్టు మీద గదికి ఫోను చేస్తానన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి, సంతోషం వేస్తే అతనికి చెవులే ఎర్రబడతాయి, ముఖం ఎప్పటిలాగే ఉంటుంది. పది మైళ్ళు నిజమే, లోయ మీదుగా గాలిలో తాడు కట్టి లాగితే పది మైళ్ళే. రోడ్డు మీద రెండు వందల పైచిలుకు. పోవడానికి అయిదు గంటలు, రావడానికి అయిదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు భూమి పాఠాలు చెప్పిన మనిషికి అది తెలుసు, ఆ చెప్పిన మనిషిని పెళ్ళాడిన మనిషికి తెలియదు.

అతనిది తెలివితక్కువ పొరపాటు కాదు, ఉత్తర అయోవాలో పుట్టిన ఏ పెద్దమనిషీ తప్పించుకోలేని పొరపాటు, ఎప్పుడో మంచు పలకలు వచ్చి ఈ నేలనంతా రోకలితో మొత్తినట్టు చదును చేసిపెట్టి పోయాయి, ఆ చదును మీద సర్వే చేసినవాళ్ళు గళ్ళ దుప్పటి పరిచారు, మైలుకొక రోడ్డు తూర్పు పడమరలకు, మైలుకొక రోడ్డు ఉత్తర దక్షిణాలకు, ఎవరైనా దారి అడిగితే రెండు మైళ్ళు ఉత్తరం, మైలు తూర్పు అంటారే గాని కుడి ఎడమలు ఎరగరు, వంటింట్లో సైతం ఉప్పు డబ్బా నీ పడమటి చేతి పక్కనుంది చూడమంటారు, అలాంటి చోట పటం మీద స్కేలు పెట్టి కొలిచిందే దూరం, వాగు అడ్డం వస్తే వంతెన ఉంటుంది, చెరువు అడ్డం వస్తే రోడ్డు ఓ అర మైలు పక్కకు జరిగి క్షమాపణ చెప్పుకున్నట్టు మళ్ళీ తన గీత మీదికి వస్తుంది, పక్కకు జరగడానికి కూడా వీల్లేని అడ్డం ఒకటి భూమి మీద ఉంటుందని మెర్విన్ బొటనవేలికి ఎవరు చెప్పాలి. ఆ బొటనవేలు అరవై ఏళ్ళుగా కొలుస్తోంది, విత్తనం లోతూ కంచె గుంజల ఎడమూ పంది వీపు మీది కొవ్వూ, దాని లెక్క ఎన్నడూ తప్పింది లేదు.

చెప్పాలి, చెప్పకపోతే ఏమవుతుందో ఆమెకు లెక్క వేయనక్కర్లేకుండా తెలుసు, ఆదివారం మధ్యాహ్నానికి వాళ్ళు ఎర్రటి ఎడారి మధ్య ఏదో పెట్రోలు బంకు దగ్గర ఉంటారు, విమానం వెళ్ళిపోతుంది, సోమవారం ఈ కుర్చీ ఖాళీగా ఉంటుంది, అక్కడి డయాలిసిస్ కేంద్రంలో ఖాళీ లేదని ముందే చెప్పేశారు, శుక్రవారానికీ సోమవారానికీ మధ్య ఉన్న ఆ ఎడమే మొత్తం ప్రయాణం, డాక్టరు ఒప్పుకున్నది దానికే, అదీ ఈ అక్టోబరుకే, వచ్చే అక్టోబరు సంగతి నన్నడక్కండి మిసెస్ థోర్సన్ అని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. క్రితం ఏడాది చలికాలం మంచు తుపానులో ఒక సోమవారం తప్పిపోయింది, మర్నాటికి పడుకుంటే ఊపిరి అందలేదు, వంటింటి బల్లకు ఆనుకొని నిటారుగా కూర్చుంది, లోపల నీరు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతున్నట్టు ఉంది, భయం కంటే ముందు ఆమెకు వచ్చింది ఆశ్చర్యం, ఎవరూ తాగని నీరు, ఎక్కడిదీ నీరు, నాలోదే, నేనే ఒక మడుగునవుతున్నాను. మెర్విన్ మంచు తోడే లారీ వెనకాల నడకంత వేగంతో బండి నడుపుకొంటూ ఆసుపత్రికి తెచ్చాడు, దారి పొడవునా మాట్లాడలేదు, ఆనాటి నుంచి బండి ముక్కు రోడ్డు వైపు ఉండేట్టే నిలుపుతాడు. అందుకే చెప్పడమూ అంత తేలిక కాదు. ఒకసారి మొక్కజొన్న విత్తే యంత్రం ఒక్క సాలులో జానెడు పక్కకు పోయిందని మొత్తం చేను తిరగదున్నించి మళ్ళీ విత్తిన మనిషి, ఒక అతుకు బలహీనంగా ఉందని గేటు గేటంతా ఇనుప సామాను కింద పడేసిన మనిషి, రెండు వందల మైళ్ళ తప్పు చేశానని తెలిస్తే ఇంకెన్ని తప్పులు చేశానో అనుకొంటాడు, పుస్తకం మూస్తాడు, చలి తగ్గాక చూద్దాంలే అంటాడు. ఆ చప్పుడు ఆమెకు ఇప్పుడే వినిపిస్తోంది, దళసరి అట్ట మూసుకొనే చప్పుడు. చెప్తే కాన్యన్ పోతుంది, చెప్పకపోతే తాను పోతుంది.

“ఎక్కడికో పోతున్నావటగా ఆర్డిస్,” అన్నాడు పక్క కుర్చీలోని ఓర్విల్, కళ్ళు తెరవకుండానే. ఆయనా రైతే, ఆమె కంటే పదేళ్ళు పెద్ద, వారానికి మూడు రోజులు వాళ్ళిద్దరూ పక్క పక్కన పడుకొంటారు, తన పెళ్ళాం పక్కన కూడా ఇంత నమ్మకంగా పడుకోలేదని ఆయన పరాచికం.

“గ్రాండ్ కాన్యన్‌కి.”

“చూశాన్లే. సైన్యం నుంచి ఇంటికొచ్చేటప్పుడు. గొయ్యి.”

“గొయ్యేనా?”

“పెద్ద గొయ్యి. మన కౌంటీలో ఎవడైనా అంత గొయ్యి తవ్వి అలా వదిలేస్తే వాడి చేతే పూడ్పిద్దురు.”

“ఊరుకో తాతా,” అంది నర్సు జోలీన్, ఆయన యంత్రం తెర వైపు వంగి. “గొయ్యి అన్నప్పుడల్లా నీ రక్తపోటు పెరుగుతోంది.”

“నా రైలు వెళ్ళిపోయింది,” అన్నాడు ఓర్విల్, ఎవరో అడిగినట్టు. “కూత వేసిందట. నాకు వినపళ్ళేదు. మా అమ్మ స్టేషనులో కేకు పట్టుకుని నిలబడుంటుందని తెలిసి కూడా, మర్నాటి రైలు దాకా ఆ గొయ్యి అంచునే కూచున్నా.”

మళ్ళీ నిద్రలోకి జారాడు, లేదా జారినట్టు పడుకొన్నాడు. ఇక్కడి మనుషులు ఇంతే, మెచ్చుకోవడం వాళ్ళకు ఒంటికి పడదు, మొక్కజొన్న ఏనుగెత్తు పెరిగినా ఫర్వాలేదంటారు, కూతురు పుట్టినప్పుడు మెర్విన్ టోపీ తీసి చేత్తో నలుపుతూ తొట్టెలోకి చూసి ఫర్వాలేదే అన్నాడు, అది ఈ జిల్లాలో కవిత్వం, ఓర్విల్ గొయ్యి అన్న మాటలో ఎంత కూరుకుపోయి ఉందో రక్తపోటు కొలిచే పట్టీకి తెలిసింది, ఆర్డిస్‌కు పరికరాలంటే అందుకే గౌరవం, అవి మొహమాటపడవు.

నువ్వు చూశావా టీచర్ అని అడిగేవారు పిల్లలు, ప్రతి ఏడూ ఎవరో ఒకరు, రంగుల సుద్దముక్కలతో ఆమె నల్లబల్ల నిండా పొరలు గీస్తున్నప్పుడు, పైన గంధపురంగు సున్నపురాయి, కింద వెన్నపూసలాంటి ఇసుకరాయి, ఆ కింద ఎర్రగోడ, ఆ కింద పచ్చబారిన మట్టిపలక, అట్టడుగున నల్లగా మెలికలు తిరిగిన ముదురురాయి, వాటి మధ్యగా ఒక నీలపు గీత, ఊడ్చే ముసలాయన సాయంత్రం వచ్చి ఆ బల్ల తుడవడానికి చేతులు రాక మర్నాటికి వదిలేసేవాడు, ఇంకా లేదు అని చెప్పేది ఆమె, ఇంకా అన్న ఆ మాట ముప్పై ఏళ్ళు నిలబడింది, గట్టి మాటే. బడికి సెలవులిచ్చే వేసవిలో పొలానికి ఊపిరి తిరగదు, పొలం పడుకొన్న చలికాలంలో బడి ఉంటుంది, పందులకు ఏ కాలమూ లేదు, పందులు మేపేవాడు ఏ పెళ్ళికి పోయినా చీకటి పడేలోగా ఇల్లు చేరాలి, మిస్సౌరీ నది దాటి పడమటికి ఆమె వెళ్ళింది ఒకే ఒక్కసారి, ఒక మేలుజాతి మగపందిని కొనడానికి, దాని కంపు భరించలేక ఆ పూటే తిరిగి వచ్చారు, నది దాటగానే నేల మొదటిసారి అలలుగా లేవడం చూసింది, అవతల ఇంకేముందో అని మెడ చాచింది, వెనకాల పంది గుర్రుమంది. ఇప్పుడు పందులు లేవు, పొలం కౌలుకిచ్చారు, కిటికీ అవతల పసుపుబారుతున్న మొక్కజొన్న ఎవరిదో, మెర్విన్ కోత యంత్రాల చప్పుడు వింటే లేచి గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చుంటాడు, ఈ రెండేళ్ళలో అతను తనంత తానుగా తలపెట్టిన పని ఇదొక్కటే, ఈ పది మైళ్ళు.

దాహం వేస్తోంది. దాహం ఎప్పుడూ వేస్తుంది, రోజుకు ఇన్ని గుక్కలే అని కొలత, నాలుక మీద మంచు పలుకు ఒకటి పెట్టుకొని దాన్ని ఎంతసేపు కరగకుండా ఉంచగలనో అని చూస్తుంటుంది, ఒక చుక్క ఎంతటిదో ఆరోగ్యవంతులకు తెలియదు, వాళ్ళు లోటాలతో తాగుతారు. అక్కడ ఆ కొలరాడో నది కూడా అంత పెద్దదేం కాదట, పై నుంచి చూస్తే చిన్న దారప్పోగు, మైలు లోతు లోయను కోసింది ఆ పోగే, నిదానంగా, ఇసుక రేణువును రాతికి రుద్ది, మళ్ళీ రుద్ది, రాతికి ఓపిక ఎక్కువ అంటారు, నీటి ఓపిక ముందు రాతిది చంటిపిల్ల ఓపిక. అంచున నిలబడి కిందికి చూస్తే పాదాల కింది రాయే ఒక సముద్రపు అడుగు, గవ్వలున్న రాయి, సముద్రం ఏడువేల అడుగుల పైకెక్కి ఎండకు పరుచుకొని ఉంటుంది, దాని కింద మరొక సముద్రం, దాని కింద ఎడారి, దాని కింద మళ్ళీ సముద్రం, వచ్చాయి పోయాయి, ఎవరూ చూడలేదు, చూడటానికి కళ్ళే లేని కాలం అది, ఆ ఆలోచన దగ్గర ఆమెకు ప్రతిసారీ ఒళ్ళు జల్లుమంటుంది, ఎవరూ చూడకుండా ఇంత వెలుగు ఇన్ని కోట్ల పగళ్ళు ఆ నీళ్ళ మీద పడింది. ఇంకా కిందికి పోతే ఒక గీత ఉంటుంది, గీతకు పైన ఇసుకరాయి, కింద నల్లరాయి, రెండూ ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి, మధ్య కత్తి మొన కూడా దూరదు, అయినా అక్కడ కొన్నిచోట్ల నూరు కోట్ల ఏళ్ళకు పైగా కాలం తాలూకు పొరలే లేవు, కొండలు లేచి, అరిగి, తుడిచిపెట్టుకుపోయి, ఆనవాలు లేకుండా, ఉన్నదంతా ఎంతో, లేనిది అంతకంటే. నల్లబల్ల మీద ఆ గీత గీసినప్పుడు ఆమె సుద్దముక్క ప్రతి ఏడూ ఒక్క క్షణం ఆగేది, గీతకు మందం లేదు, నూరు కోట్ల ఏళ్ళకు మందం లేకుండా ఎలా గీయాలి. చర్చిలోని ఆడవాళ్ళు ఆమె మూత్రపిండాల కోసం ప్రతి బుధవారం ప్రార్థిస్తారు, ఆమె వాళ్ళకు ఆలుగడ్డ రొట్టెలు చేసి పంపుతుంది, మనసులో మాట ఏమంటే మూత్రపిండాలు ఇంకా ఆ సంగతి విన్నట్టు లేదు, కాని ఆ గీతను తలచుకొన్నప్పుడు తనలో కలిగేదాన్ని వాళ్ళకు చెప్తే తమకు చర్చిలో కలిగేదీ ఇదేనంటారేమో, అననీ, పేరు దగ్గర పోట్లాట ఎందుకు. నెత్తురులోని ఉప్పు ఆది సముద్రపు ఉప్పే అని ఎవరో అందంగా అంటారు, అందంగానే ఉంది, నిజం అంత సూటిగా ఉండదు, అయినా గొట్టంలో ఎర్రగా తిరిగి వస్తున్న ఆ ఉప్పు వైపు చూడకుండా ఉండలేదు.

ఒక ఏడాది ఆమె తరగతికి వెళ్ళి, పిల్లలూ, కొండలు పుట్టడం గురించి నేను నిరుడు మీ అన్నలకు చెప్పింది సరికాదట, భూమి ఎండిన ఆపిలు పండులా ముడతలు పడలేదట, ఖండాలే తెప్పల్లా కదులుతున్నాయట అని చెప్పింది, కొత్త పుస్తకం ఆ వారమే వచ్చింది, రాత్రంతా చదివి కళ్ళు మండుతున్నాయి, ముందు వరసలోని ఒక పిల్ల చెయ్యెత్తి, అయితే వచ్చే ఏడు ఇది కూడా మారుస్తారా టీచర్ అంది, వెటకారం లేదు ఆ గొంతులో, భయం ఉంది, ఆధారం దొరికితే మారుస్తానమ్మా అంది ఆర్డిస్. పాత లెక్క తప్పినందుకు ఆనాడు తనకు సిగ్గు వేయలేదు, పైగా కాళ్ళ కింద నేల నిజంగానే కదిలినట్టు, గది గోడలు వెనక్కి జరిగినట్టు, లోకం నిన్నటికంటే పెద్దదైనట్టు అనిపించింది. లెక్క తప్పినప్పుడే కదా లోకం ఎంత పెద్దదో తెలిసేది. మెర్విన్‌కు అలా అనిపించేలా చెప్పే మాట ఒకటి ఉండాలి. ఏ మాట.

కాఫీ వాసన ముందు వచ్చింది, తర్వాత అతని చెప్పుల చప్పుడు. మంచు పలుకులున్న చిన్న కప్పు ఆమె కుడిచేతిలో పెట్టి, “నీ విందు,” అన్నాడు మెర్విన్. “ముందు గదిలో ఫోను ఖాళీగా ఉంది. పోయి అవతలి గట్టు పని కానిచ్చేస్తా.”

“మెర్వ్. కూర్చో.” మాట ఇంకా దొరకలేదు. దొరకని మాట కోసం ఆగడం కంటే ఉన్నది ఉన్నట్టు చెప్పడమే ఆమెకు వచ్చిన విద్య. “ఆ పది మైళ్ళ మధ్య రోడ్డు లేదు.”

“వంతెన ఉంటుందిగా.”

“లేదు.”

“ఓ చిన్నదైనా?”

“అడుగున కాలినడకకు ఉంది. బండికి లేదు. చుట్టూ తిరిగి పోవాలి. రెండొందల మైళ్ళ పైన.”

అతను కాఫీ కింద పెట్టి, చొక్కా జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకొని, ఆమె మోకాళ్ళ మీది పటం మీదికి వంగాడు. బొటనవేలు దక్షిణపు గట్టు మీద ఆనింది, తూర్పుకు పాకింది, ఉత్తరానికి తిరిగింది, పాకి పాకి ఎక్కడో నది ఇరుకైన చోట దాటింది, పడమటికి మళ్ళింది, మళ్ళీ దక్షిణానికి దిగి దిగి, బయలుదేరిన చోటికి గోరెడు దూరంలో ఆగింది. ఆగి అక్కడే ఉండిపోయింది. ఆర్డిస్ అట్ట చప్పుడు కోసం చెవులు రిక్కించింది. ముఖం చూడాలంటే భయం వేసి అతని చెవుల వైపు చూసింది, అవి పాలిపోయి ఉన్నాయి.

“ఎవడే ఆ రోడ్డు వేసిన దద్దమ్మ?” అన్నాడు వేలు ఎత్తకుండానే.

“వేయడానికి అక్కడ నేల లేదు మెర్వ్.”

“రెండొందలంటే మిన్నెసోటా సరిహద్దు నుంచి మిస్సౌరీ సరిహద్దు దాకా. మన రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరకు. పక్క పొలంలోకి పోడానికి.”

“ఊఁ.”

“ఎదర కనిపిస్తుంటుందా అవతలి గట్టు?”

“తేటగా ఉంటే చెట్లు కూడా కనిపిస్తాయట.”

“చెట్లు కనిపిస్తాయి, పోలేం.”

“పోలేం.”

అతను కళ్ళద్దాలు తీశాడు, తుడవలేదు, చేతిలో పట్టుకొన్నాడు. “అంత పెద్దదని నువ్వు నాకెప్పుడూ చెప్పలేదే ఆర్డిస్.”

“ముప్పై ఏళ్ళు చెప్పాను. నువ్వు పందులకి మేత కలుపుతున్నావు.”

“కోట్ల ఏళ్ళని చెప్పావు. రోడ్డు లేదని చెప్పలేదు.”

ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వితే సూదులు కదులుతాయని ఆపుకొంది, ఆపుకొన్న నవ్వు కళ్ళలోకి ఎక్కింది. యంత్రం గంట కొట్టింది. జోలీన్ వచ్చి ఒక సూది తీసి, గుడ్డ ముక్క మడిచి ఆ చోట పెట్టి, అలవాటైన పని కనుక ఏమీ అనకుండా పక్కకు తప్పుకొంది, మెర్విన్ బొటనవేలు వచ్చి దాని మీద ఒత్తుకొంది, మరీ గట్టిగా కాదు, మరీ మెల్లగా కాదు. డాక్టర్లు ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు అది, చర్మం కింద అక్కడ నెత్తురు ఎప్పుడూ తేనెటీగల పట్టులా రొదపెడుతూ ఉంటుంది, ఆ రొద అతని వేలికి తెలుస్తుందని ఆమెకు తెలుసు.

“రాళ్ళైపోయిన చెట్లు ఈసారికి వద్దు,” అన్నాడు.

“వద్దు.”

“ఆదివారం కూడా అక్కడే కూచుందాం. మధ్యాహ్నం బయల్దేరేదాకా. కదలొద్దు.”

“కదలొద్దు,” అంది ఆర్డిస్.

పటం తెరిచే ఉంది. వేలు ఆమె చేతి మీద ఉంచుకొనే మెర్విన్ కిటికీ వైపు తల తిప్పాడు, అక్కడ మొక్కజొన్న చేల మీదుగా, మధ్య అడ్డమన్నది లేకుండా, పక్క ఊరి నీళ్ళ ట్యాంకు దూరాన తెల్లగా సెనగగింజంత కనిపిస్తుంది, అక్కడికి సరిగ్గా పది మైళ్ళు, అతని పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి, ఇవతలి రోడ్డు, ఆ తర్వాతి రోడ్డు, లుండ్‌గ్రెన్ వాళ్ళ కొట్టం, చర్చి గోపురం, వాగు, ఒక్కొక్క మైలూ చొప్పున ఈ గట్టుకీ ఆ ట్యాంకుకీ మధ్యనున్న నేలనంతా అతను మనసులోనే ఎత్తి పక్కన పెడుతున్నాడు, ఇళ్ళతో సహా, చేలతో సహా, కింద మైలు లోతున నీరు మెరిసే దాకా, అతని నోరు కొద్దిగా తెరుచుకొని ఉండిపోయింది, చెవులు మెల్లగా ఎర్రబడసాగాయి.